గాజు గోడ అవతల రీళ్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో మెల్‌బోర్న్ నగరంలోని ఆస్ట్రేలియన్ సెంటర్ ఫర్ ది మూవింగ్ ఇమేజ్ గురించి రెండే రెండు వాక్యాలు రాశాము. సందర్శకులకు కనబడేలా అక్కడ ఫిలిం, వీడియో సంరక్షణ గదిని గాజు గోడ వెనుక ఉంచారన్నది అందులో ఒకటి. ఆ వాక్యమే ఈసారి ఉత్తరాల్లో ఎక్కువభాగాన్ని మోసుకొచ్చింది. సినిమాను భద్రపరిచే గదులను సంగ్రహాలయాలు జనానికి ఎందుకు చూపిస్తున్నాయి, అక్కడ చూడవలసినదేమిటి అని చాలామంది అడిగారు. కొన్ని ఉత్తరాలను కుదించి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మీరు రాసిన ఆ మ్యూజియం చూశాను. గాజు గోడ అవతల ఒకావిడ బల్ల ముందు కూర్చుని రీలును చేత్తో మెల్లగా తిప్పుతూ, మధ్యమధ్యలో ఆగి అంచును వేలితో తడుముతూ, ఏదో రాసుకుంటూ కనిపించింది. అరగంట నిలబడినా తెర మీద బొమ్మ పడలేదు. "పదమ్మా, ఇక్కడ చూసేదేం లేదు" అని మా అమ్మాయి లాక్కుపోయింది. ఇంతకీ ఆవిడ చేస్తున్న పనేమిటి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీ అమ్మాయిగారు కాస్త తొందరపడ్డారు. మీరు చూసినదే అసలు పని. బొమ్మ వేయడం అన్నిటికంటే చివర వచ్చేది, ఒక్కోసారి ఎన్నటికీ రానిది కూడా.

ఆ బల్లను వైండింగ్ టేబుల్ అంటాము. మద్రాసులో ఒక ల్యాబులో నెగటివ్ విభాగంలో ఏడేళ్లు పనిచేసిన రోజుల్లో నా కూర్చునే చోటు కూడా అదే. రీలు చేతికి రాగానే మొదట చేయవలసింది డబ్బా మీది చీటీని నమ్మకపోవడం. ఒక సినిమా డబ్బాలో మరో సినిమా రీలు, మూడో రీలు అని రాసిన చోట ఐదో రీలు ఉండటం మామూలే. అందుకే ఫిలిం అంచున తయారీదారు ముద్రించిన అక్షరాలను, గుర్తులను చదువుతారు. కొడాక్ తన ఫిలిం అంచున వృత్తం, చతురస్రం, త్రిభుజం వంటి గుర్తులతో తయారైన ఏడాదిని సూచించేది. ఆ గుర్తులు 20 ఏళ్లకొకసారి మళ్లీ మొదటికి వచ్చేవి కనుక, చదివేవారికి ఫిలిం వయసు సుమారుగా తెలిసి ఉంటేనే సరైన సంవత్సరం దొరుకుతుంది.

తరువాత వేలితో అంచు తడమడం. పక్క రంధ్రాలు చిరిగాయా, పాత అతుకులు ఊడుతున్నాయా అన్నది కంటికంటే వేలికే ముందు తెలుస్తుంది. కాలం గడిచేకొద్దీ ఫిలిం పొడవులో కుంచించుకుపోతుంది కనుక దానిని ఒక కొలబద్ద మీద పరిచి రంధ్రాల మధ్య దూరం కొలుస్తారు. కుంచింపు 1 శాతం దాటితే మామూలు ప్రొజెక్టరు పళ్లచక్రం మీద ఆ రీలు సరిగా కూర్చోదు, బలవంతంగా ఎక్కిస్తే రంధ్రాలన్నీ చీరుకుపోతాయి. ఆపైన వాసన సంగతి ఉంది. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిలిం పాడవడం మొదలైతే అందులోంచి అసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే పులుపే, బయటికి వస్తుంది. ఆ ఆమ్లం మళ్లీ అదే ఫిలింను ఇంకా వేగంగా తింటుంది. మా రోజుల్లో డబ్బా మూత తీసి ముక్కుతో చెప్పేసేవాళ్లం. ఇప్పుడు అమెరికాలోని రాచెస్టర్ నగరంలో ఉన్న ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన చిన్న కాగితపు పట్టీని డబ్బాలో ఒక రోజు ఉంచుతారు. నీలంగా ఉన్న పట్టీ ఆకుపచ్చకు తిరిగితే జబ్బు మొదలైనట్టు, పసుపుకు తిరిగితే ఆ రీలుకు వెంటనే నకలు తీయవలసి వచ్చినట్టు.

మీరు చూసిన సంగ్రహాలయానికి ఈ పట్టీలతో అవసరం ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ఉంది. దాని మూలం 1946లో మొదలైన స్టేట్ ఫిల్మ్ సెంటర్ ఆఫ్ విక్టోరియా. బడులకు, సంఘాలకు సినిమాలు అరువిచ్చే సంస్థ అది. అరువిచ్చే సినిమాలంటే ప్రధానంగా 16 మి.మీ. ప్రింట్లు. మన ఊళ్లలో క్షేత్ర ప్రచార విభాగం వ్యాను వచ్చి బడి గోడ మీద వేసిన డాక్యుమెంటరీలు గుర్తున్నవారికి ఆ ప్రింట్ల అవస్థ వేరే చెప్పనక్కరలేదు. వంద చేతులు మారిన ఫిలిం అది, తెర మీద ఎప్పుడూ వాన కురుస్తూనే ఉండేది. అలాంటి రీలు ఒక్కదాన్ని అంగుళం అంగుళం పరీక్షించి, ప్రతి గాయాన్నీ రాసిపెట్టడానికి అరగంట చాలదు. ఆవిడ రాసుకుంటున్నది ఆ రీలు ఆరోగ్య నివేదిక. పదేళ్ల తరువాత ఇంకొకరు అదే డబ్బా తెరిచినప్పుడు, మధ్యలో జరిగిన నష్టమెంతో తెలియడానికి ఉండే ఆధారం ఆ కాగితమొక్కటే.

ప్రశ్న: నేను 38 ఏళ్లు సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశాను. ఇలాంటి పర్యటనల్లో బల్లలు, స్కానర్లు చూపిస్తారు గానీ పాత నైట్రేట్ ఫిలిం ఉన్న గిడ్డంగుల లోపలికి మాత్రం మామూలు సందర్శకులను తీసుకుపోరని మా మనుమడు చెబుతున్నాడు. జనం చూడాలనుకునేది అదే కదా? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ప్రొజెక్షన్ గది కిటికీకి ఇనుప షట్టరు, మూలన ఇసుక బకెట్లు ఉండేవి కదా, అవి ఆ నైట్రేట్ భయం మిగిల్చిపోయిన గుర్తులే. 1950ల ప్రారంభం దాకా 35 మి.మీ. సినిమా అంటే ప్రధానంగా నైట్రేట్, అంటే ఇట్టే అంటుకునే సెల్యులోజ్ నైట్రేట్ అనే పదార్థంతో చేసిన ఫిలిం. ఆ పదార్థంలోనే ఆక్సిజన్ బిగించి ఉంటుంది కనుక ఒకసారి అంటుకుంటే బయటి గాలితో దానికి పనిలేదు, నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది. బాగా కుళ్లిన నైట్రేట్ అయితే మన ఎండాకాలపు వేడికే అంటుకోగలదు.

ఈ భయం పుస్తకాల్లోది కాదు. కొడాక్ సంస్థ పుట్టిన రాచెస్టర్‌లోనే, దాని స్థాపకుడి ఇంట్లో నెలకొన్న జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియంలో 1978 మే 29న నైట్రేట్ గిడ్డంగి కాలిపోయి 329 చిత్రాల ఒరిజినల్ నెగటివ్‌లు పోయాయి. అదే ఏడాది డిసెంబరులో వాషింగ్టన్ శివార్లలోని సూట్‌లాండ్‌లో అమెరికా జాతీయ పత్రాగారపు గిడ్డంగి అంటుకుని, కోటి అడుగులకు మించిన న్యూస్‌రీళ్ల ఫిలిం బూడిదైంది. మన దేశంలో 2003 జనవరి 8న పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన నైట్రేట్ రీళ్లు ఉన్న గిడ్డంగి తగలబడింది. కాపలా సరిగా లేని చోట్ల జరిగిన ప్రమాదాలు కావివి. సినిమాను కాపాడడానికే పుట్టిన సంస్థల్లో జరిగినవి.

అందువల్ల ఇప్పటి గిడ్డంగులను చిన్నచిన్న అరలుగా విడగొట్టి కడుతున్నారు. వర్జీనియా రాష్ట్రంలోని కల్పెపర్‌లో, ఒకప్పుడు అమెరికా కేంద్ర బ్యాంకు అణుయుద్ధ భయంతో నోట్లు దాచుకున్న కొండలోపలి బంకరును మార్చి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2007లో తెరిచిన సంరక్షణ కేంద్రంలో నైట్రేట్‌కే 124 గదులు ఉన్నాయి. ఒకటి అంటుకున్నా నష్టం ఆ గదితో ఆగాలన్నది లెక్క. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2011లో వారిక్‌షైర్‌లో కట్టిన గిడ్డంగిలో ఉష్ణోగ్రత సున్నాకు 5 డిగ్రీల కింద, తేమ 35 శాతం ఉంటుంది.

సందర్శకులను ఆపేది నిప్పు ఒక్కటే అనుకోకండి. పదిమంది మనుషులు లోపలికి వెళితే పదిమంది ఒంటివేడి, పదిమంది ఊపిరిలోని తేమ కూడా వెళతాయి. చల్లని గదిలోంచి రీలును బయటికి తెచ్చినప్పుడు కూడా దాని మీద నీటిచుక్కలు పట్టకుండా మధ్యలో మరో గదిలో గంటల తరబడి ఉంచి, అప్పుడే డబ్బా తెరుస్తారు. అంత జాగ్రత్తగా ఆరబెట్టిన గాలిలోకి మనల్ని రానివ్వకపోవడం మర్యాదలేనితనం కాదు. మీ వంటివారికి ఒక ఊరట ఉంది: ఈస్ట్‌మన్ మ్యూజియంలోని డ్రైడెన్ థియేటర్‌లో నైట్రేట్ ప్రింట్లను నేటికీ ప్రొజెక్టరు మీద ఆడిస్తారు, 2015లో అందుకోసమే ఒక ఉత్సవం కూడా మొదలుపెట్టారు. నైట్రేట్ గిడ్డంగి గోడ చూసేకంటే, నైట్రేట్ బొమ్మ ఒక్క గంట చూడటమే మేలని నా అభిప్రాయం.

మెల్‌బోర్న్ 16 మి.మీ. ఫిలింకు ఈ నిప్పు బెడద లేదు. కొడాక్ ఆ కొలతను 1923లో ఇళ్లకోసం, బడులకోసం తెచ్చినప్పుడే మండని సేఫ్టీ ఫిలిం, అంటే అసిటేట్ మీద తెచ్చింది. దానికి ఉన్నదల్లా ముందు చెప్పిన పులుపు జబ్బు.

ప్రశ్న: అన్నీ 4కె లో (అడ్డంగా సుమారు నాలుగు వేల చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసేస్తున్నారు కదా, ఆ తరువాత కూడా రీళ్లను చల్లని గదుల్లో పెట్టి కరెంటు బిల్లు కట్టడం దేనికి? సంగ్రహాలయాలకు పాత వస్తువుల మీద ఉండే మమకారం తప్ప ఇందులో తర్కమేముంది? (ఒక విద్యార్థి, హైదరాబాదు)

జవాబు: లెక్క చూద్దాం. 4కె స్కానులో ఒక్క ఫ్రేము సుమారు 50 మెగాబైట్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండు గంటల సినిమాలో 1,72,800 ఫ్రేములు. అంటే మరమ్మతులు మొదలుపెట్టక ముందే 8 టెరాబైట్లు దాటుతుంది. మరమ్మతు చేసిన రూపం, చేయని రూపం రెండూ దాచాలి, ఒక్కొక్కదానికి కనీసం రెండు నకళ్లు వేర్వేరు ఊళ్లలో ఉండాలి. ఇంత సమాచారాన్ని దాచడానికి భాండాగారాలు ఎక్కువగా నమ్ముకుంటున్నది ఎల్‌టీఓ అనే డేటా టేపును. 12 టెరాబైట్లు పట్టే ఎనిమిదో తరం టేపు యంత్రం ఏడో తరం టేపును చదువుతుంది గాని ఆరో తరం టేపును చదవదు. కాబట్టి టేపు చెడిపోకపోయినా సరే, కొన్నేళ్లకొకసారి మొత్తం సంపదను పాత టేపుల నుంచి కొత్త టేపులకు ఎక్కించాలి. ఒక తరం బడ్జెట్ రాకపోతే, ఒక తరం మనుషులు మరిచిపోతే, మిగిలేది ఏ యంత్రమూ చదవలేని ప్లాస్టిక్ పెట్టె.

ఫిలిం స్వభావం దీనికి భిన్నం. సరైన చల్లదనంలో పెట్టి తలుపు వేసి, యాభై ఏళ్ల తరువాత తీసి దీపానికి ఎదురుగా పట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది. అమెరికా చలనచిత్ర అకాడమీ 2007లో వెలువరించిన నివేదిక ప్రకారం ఒక సినిమా మాస్టరును ఫిలిం రూపంలో దాచడానికి ఏడాదికి 1,059 డాలర్లు, 4కె డిజిటల్ రూపంలో దాచడానికి 12,514 డాలర్లు అయ్యేది. ఆ తరువాత డిజిటల్ ధరలు బాగా పడిపోయిన మాట నిజమే, కానీ ఖర్చుల స్వభావం మారలేదు. ఫిలింకు అయ్యేది గది అద్దె వంటిది, డిజిటల్‌కు అయ్యేది ఎప్పటికీ తీరని వాయిదా.

ఇంకో మాట కూడా ఉంది. ఇరవై ఏళ్ల కిందట గొప్పగా చెప్పుకుని చేసిన స్కాన్లు ఈనాటి తెర మీద మసకగా ఉంటున్నాయి. స్కాన్ అంటే ఆనాటి యంత్రం ఆ ఫిలింను ఎంతవరకు చూడగలిగిందో అంత. రీలు మన దగ్గరుంటే రేపటి యంత్రం ఇంకా ఎక్కువ చూస్తుంది, పారేసి ఉంటే చూడటానికి ఏమీ ఉండదు. నేను పనిచేసిన రోజుల్లో ఒక ల్యాబులో పాత సినిమాల ప్రింట్లను వెండి కోసం అమ్మేశారు, నలుపు తెలుపు ఫిలింలో బొమ్మ ఏర్పడేది వెండితోనే మరి. "వీడియో క్యాసెట్టు తీసిపెట్టాము, ఇంక ఇవెందుకు" అన్నది అప్పటి తర్కం. మీ ప్రశ్నలో ఉన్నదీ అదే తర్కం, క్యాసెట్టు స్థానంలో 4కె వచ్చింది అంతే.

రంగుల సంగతి వేరు. 1950లో వచ్చిన ఈస్ట్‌మన్ కలరు రకం ఫిలింలో బొమ్మ రసాయనపు రంగులతో ఏర్పడుతుంది, ఆ రంగులు చీకట్లో కూడా వెలుస్తాయి. 1980ల తొలినాళ్ల వరకు వచ్చిన ప్రింట్లు గులాబిరంగుకు తిరిగి, ఆకాశం, చెట్లు, చీరలు అన్నీ ఒకేలా కనిపించడం మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎరుగుదురు. దీనికి ఉన్న మందు చల్లదనం ఒక్కటే. అసిటేట్ విషయంలోనూ అంతే: 21 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిలింకు పులుపు జబ్బు పట్టడానికి సుమారు 40 ఏళ్లు పడుతుందని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా. సముద్రపు గాలి వీచే మద్రాసులో, ఫ్యాను కూడా లేని గోదాముల్లో ఎంత కాలం పట్టి ఉంటుందో మీరే ఊహించుకోండి. తెలుగు సినిమా నెగటివ్‌లు దశాబ్దాల పాటు ఉన్నది ఆ ఊళ్లోనే.

ప్రశ్న: మా పెళ్లి, పిల్లల పుట్టినరోజులు అన్నీ వీహెచ్ఎస్ క్యాసెట్లలో ఉన్నాయి. మ్యూజియంల వాళ్లు టేపుల విషయంలో ఏం చేస్తున్నారు? మేమూ అదే చేయవచ్చా? (ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: చేయవచ్చు, ఆలస్యం లేకుండా చేయాలి. సంరక్షణ గదుల్లో ఫిలిం కంటే తొందర టేపుల గురించే. కాన్‌బెరాలోని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే, 2025 నాటికి డిజిటల్‌లోకి ఎక్కించని మాగ్నెటిక్ టేపులలో చాలావాటిని పోయినట్టే లెక్కించాలని హెచ్చరించింది. టేపు కుళ్లడం ఒక కారణం, అంతకంటే పెద్దది ఆడించే యంత్రాలు, వాటిని బాగుచేసే చేతులు లేకపోవడం. వీహెచ్ఎస్ యంత్రాలను చివరిదాకా తయారుచేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. అందుకే ఇలాంటి గదులను చూడటానికి వెళ్లినప్పుడు పాత యంత్రాలు వరసగా పేర్చి కనిపిస్తే వాటిని ప్రదర్శనకు పెట్టినవనుకోకండి. ఒకదాని భాగాలు విప్పి ఇంకొకదానికి వేసుకోవడానికి అట్టేపెట్టుకున్నవి. కొన్ని రకాల టేపులు తేమ పీల్చుకుని జిగురు జిగురుగా తయారవుతాయి. వాటిని సుమారు 50 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే కొద్ది రోజుల పాటు ఆడతాయి, ఆ వ్యవధిలోనే నకలు తీసుకోవాలి. ఇది ఇంట్లో ఓవెన్‌తో చేసే పని కాదు. మీరు చేయవలసింది క్యాసెట్లను నిలబెట్టి, వంటగదికి, గ్యారేజీకి దూరంగా ఉంచి, ఈ ఏడాదిలోనే తెలిసినవారి చేత డిజిటల్‌లోకి మార్పించుకోవడం. క్యాసెట్లను మాత్రం పారేయకండి.

ప్రశ్న: వీడియో గేములను కూడా మెల్‌బోర్న్‌లోని ఆ మ్యూజియంలో భద్రపరుస్తారట. ఆటల్ని దాచడమేమిటి? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మెల్‌బోర్న్‌కు అందులో సొంత కారణం ఉంది. 1980లలో బీమ్ సాఫ్ట్‌వేర్ అనే ఆ ఊరి సంస్థ చేసిన ఆటలు లోకమంతా ఆడింది. అవి క్యాసెట్ల మీద, ఫ్లాపీల మీద వచ్చాయి, అవి నడిచే కంప్యూటర్లు ఇప్పుడు లేవు. అందుచేత పాత కంప్యూటరులా ప్రవర్తించే ప్రోగ్రామును కొత్త కంప్యూటరులో రాసి, దానిలో ఆటను నడిపిస్తారు. ఫిలింకు దీపం చాలు, ఆటకు మాత్రం అది పుట్టిన యంత్రమంతా మళ్లీ పుట్టాలి.

ప్రశ్న: ఇలాంటి పర్యటనకు వెళ్లే అవకాశం వస్తే ఏం అడగాలి? (ఒక పాఠకురాలు, వరంగల్లు)

జవాబు: ముందు, తరువాత అంటూ పక్కపక్కన పెట్టి చూపించే బొమ్మల దగ్గర ఎక్కువసేపు నిలబడకండి. గీతలు చెరిపిన బొమ్మ చూడముచ్చటగానే ఉంటుంది, కానీ అది పెళ్లిపందిరి వంటిది. "మీరు ఇంకా తెరిచి చూడని డబ్బాలు ఎన్ని ఉన్నాయి, వాటిని పెట్టిన గది ఎంత చల్లగా ఉంది?" అని అడగండి. నిజాయితీగల చోట తడుముకోకుండా పెద్ద సంఖ్యే చెబుతారు.

ప్రశ్న: విదేశాల సంగతి సరే, మన దగ్గర చూడటానికేముంది? మా తాతగారు టూరింగ్ టాకీసు నడిపేవారు. అటక మీద తుప్పుపట్టిన మూడు రీలు డబ్బాలు ఇప్పటికీ ఉన్నాయి, ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: ముంబయి పెడ్డర్ రోడ్డులో 2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ భారతీయ సినిమా సంగ్రహాలయం చూడదగినదే, కానీ అక్కడ ఉన్నది చరిత్ర ప్రదర్శన. సంరక్షణ జరిగేది పుణేలో, 1964లో ఏర్పడి ఇప్పుడు జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో భాగమైన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో. ఫాల్కే 1913లో తీసిన తొలి భారతీయ చిత్రంలో మిగిలిన రీళ్లను ఆయన కుటుంబం నుంచి సేకరించి తెచ్చిన పి.కె. నాయర్ పెంచిన సంస్థ అది. మనవారికి ఈ విద్య నేర్పే ప్రయత్నం కూడా జరిగింది: ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ తన వార్షిక శిక్షణ శిబిరాన్ని 2019 డిసెంబరులో హైదరాబాదులో నిర్వహించింది. అయినా హెచ్.ఎం. రెడ్డి తీసిన మన తొలి టాకీ, 1932 ఫిబ్రవరి 6న విడుదలైన "భక్త ప్రహ్లాద", ఈరోజు ఎక్కడా లేదు. అలాంటిదేదైనా బయటపడితే అది పడేది మీ అటక వంటి చోటనే.

ఇప్పుడు మీ డబ్బాల సంగతి. తుప్పుపట్టిన మూతను స్క్రూడ్రైవరుతో పెకలించకండి. పొయ్యికి, దేవుడి దీపానికి, ఎండకు దూరంగా, గాలి ఆడే చోటికి దించి, ఇంటి బయటి వరండాలో పెట్టండి. మూత వదులుగా ఉంటే చేతికి తొడుగు వేసుకుని తీసి, ఫిలిం అంచున "సేఫ్టీ" అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఆ మాట ఉండి వెనిగరు వాసన వస్తే నిప్పు భయం లేదు. "నైట్రేట్" అని ఉన్నా, ఏమీ లేకపోయినా, పొర పొరకు అంటుకుని తేనెలా జిగురు కారుతున్నా, గోధుమరంగు పొడి రాలుతున్నా వెంటనే మూత వదులుగా పెట్టేసి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వకండి. బస్సులోనో కొరియరులోనో ఎక్కడికీ పంపవద్దు. డబ్బా పై చీటీని, కనబడినంత మేర అంచు అక్షరాలను ఫోనుతో ఫోటో తీసి, డబ్బాల సంఖ్య, తాతగారి టాకీసు నడిచిన సంవత్సరాలు రాసి, పుణే ఆర్కైవ్‌కు ముందు ఉత్తరం పెట్టండి. ప్రొజెక్టరు ఎక్కడైనా దొరికితే వేసి చూద్దామనిపిస్తుంది. ఆ ఒక్క పని మాత్రం చేయకండి. మీ ఫోటోలు మాకూ పంపితే, అంచు గుర్తులు చదివి ఫిలిం తయారైన ఏడాదేదో వచ్చే సంచికలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.